న్యగూథికి ఇల్లు పాడుచెయ్యడం చేతకాలేదు

నైరోబీకి ఎగువన ఉన్న మా కరటీనా బజారులో పాత సామాను కొనేవాళ్ళు చాలామందే ఉన్నారు. పాత సామాను కనబడితే కాలు కదపలేనిది మాత్రం ఒక్కతే, మా పక్కింటి న్యగూథి. దారిలో విరిగిన కుర్చీ కనబడితే, అయినవాళ్ళ బిడ్డ తప్పిపోయి ఏడుస్తున్నట్టు దాని దగ్గరికి పరుగెత్తుతుంది. చుట్టూ ఓసారి తిరిగి చూసి, నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చేస్తుంది. ఎవరైనా నవ్వితే ఆగి, వాళ్ళింట్లో విరిగినవేమైనా ఉన్నాయా అని అడుగుతుంది.

ఆవిడ మొగుడి పేరు గిచూకి, టీ ఫ్యాక్టరీలో లారీ నడుపుతాడు. మనిషి నెమ్మది. సాయంత్రం ఇంటికొచ్చి కూర్చోబోయే ముందు, కూర్చునే చోటు చేత్తో తడిమి చూస్తాడు. ఒక్కసారి తడమకుండా కూర్చున్నాడు. ఆ తర్వాత ఏం జరిగిందో ఆయన చెప్పడు, నేనూ చెప్పను. రెండు రోజులు లారీ నిలబడి నడిపాడని మాత్రం ఫ్యాక్టరీలో చెప్పుకున్నారు.

ఆవిడ చేతిలో పడితే దేనికీ చావు లేదు. స్ప్రింగులు పోయిన సోఫాకి లారీ ట్యూబులు పట్టీలుగా కోసి, మంచం అల్లినట్టు అల్లుతుంది. మొక్కజొన్న పొత్తుల డొప్పలు ఎండబెట్టి సన్నగా చీల్చి దిండ్లలో కూరుతుంది. గోనెసంచులు ఉతికి, తుమ్మబెరడు ఉడికించిన నీళ్ళలో ముంచితే తేనె రంగు వస్తుంది. అది సోఫాకి పైగుడ్డ. పాతబట్టల గుట్టలో ఎవరూ తాకని చిరుగు స్వెట్టర్లు ఏరుకొచ్చి, విప్పి, ఆ ఉన్ని కంచె మీద ఆరేసి, ముడతలు పోవడానికి కొసలకి రాళ్ళు కడుతుంది. ఆ ఉన్నితోనే విటాంబాలు అల్లుతుంది. మా వైపు సోఫా వీపు మీద, చేతుల మీద, టీవీ నెత్తిన, రేడియో నెత్తిన అల్లిక గుడ్డ పరవకపోతే ఆ ఇంటి ఆడది ఒంట్లో బాగాలేక పడుకుందని అర్థం.

నోరు మాత్రం అబద్ధాల పుట్ట. మా బజారు జనానికి ఓడ మీద వచ్చిన సామానంటే మోజు. అందుకని కొనడానికొచ్చిన ప్రతివాళ్ళతోనూ "ఇంగ్లండుదండీ, పోయిన నెలే ఓడ దిగింది" అంటుంది. తాలూకాఫీసు గుమాస్తా పెళ్ళాం అలాగే ఒక స్టూలు కొనుక్కుని ఇప్పటికీ అందరికీ చూపించి మురిసిపోతుంది. దాని కాళ్ళు మా పెరట్లో కొట్టేసిన కాఫీ చెట్టువి. అవి సముద్రం మొహం చూసిన పాపాన పోలేదు.

ఇంత చేస్తున్నా ఆవిడకి కుట్టుమిషను లేదు. మేనత్త ఇచ్చిన చేతి మిషనొకటి ఉండేది. అది అరిగి అరిగి కిందటేడు ఆగిపోయింది. ఎన్ని పాతవాటికి ప్రాణం పోసినా దానికి మాత్రం పొయ్యలేకపోయింది. అప్పట్నుంచి గోనెలు కుట్టే దబ్బనంతోనే పని. వేలి కొసలు జల్లెడ అయిపోయాయి. పిండి కలిపేటప్పుడు ఉప్పు తగిలి పళ్ళు బిగబట్టడం నేను చూశాను. మిషను లేకపోతే ఇంకో ఏడాదికి ఆ చేతులు పనికిరావని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

అలాంటప్పుడు మా గురువారం సంఘానికి మిషను వచ్చింది. మేం చర్చి ఆడవాళ్ళం పన్నెండుమందిమి. నెలకొక ఇంటికి వెళ్తాం, పాటలు పాడతాం, టీ తాగుతాం, బంగాళాదుంపలు మెదిపి చేసే ముకీమో తింటాం, ఆ ఇంటికి ప్లేట్లయినా దుప్పటయినా ఇచ్చి వస్తాం. సంఘం పెద్ద పేరు వమూయు, రిటైరైన హెడ్మాస్టరు గారి భార్య. మేమంతా మేడమ్‌గారంటాం. ఆవిడ ఆ ఏడు కొత్త నియమం పెట్టారు. ప్లేట్లు, దుప్పట్లు మానేసి ఒకటే పెద్ద వస్తువు, కాలితో తొక్కే కుట్టుమిషను. పన్నెండు ఇళ్ళూ చూసి, ఏ ఇంట్లో కొరత ఎక్కువుందో ఆ ఇంటికే అది. ఇంటామె తన నోటితో తాను అడగకూడదు. మా పెళ్ళి మాటల్లో ఇంటివాళ్ళ తరఫున ఒక పెద్దమనిషి మాట్లాడినట్టే, ఆవిడ తరఫున ఇంకొకరు మాట్లాడాలి. ఆ మనిషిని ఆ ఇంటి నోరు అంటాం.

ఇంతకు ముందు మేం వస్తున్నామంటే ఇళ్ళు మెరిసిపోయేవి. ఆ నియమం పెట్టాక ఏ ఇంటికి వెళ్ళినా ముక్కాలి పీటలే. మా సంఘంలోదే గథీగియా, ఆవిడ ఇంట్లో రెండు సోఫా సెట్లున్నాయని ఊరందరికీ తెలుసు. మేం వెళ్ళిన రోజున మూడు పీటలు, ఒక చాప, మూల ఒక కోడి. గథీగియా గొంతు కూడా సన్నగా అయిపోయింది. ఆవిడ సోఫాలు రెండు రోజులు మా ఆవుల పాకలో ఉన్నాయి. చెప్పనని ఒట్టు పెట్టించుకుంది. నా ఇంటికి వచ్చిన రోజున నా టీవీ కోళ్ళగూట్లో ఉండటం ఆవిడ చూసింది కాబట్టి నేనూ గట్టిగానే ఒట్టు పెట్టాను.

చివరి ఇల్లు న్యగూథిది, జూలై రెండో గురువారం. ఆవిడ ఇంటికి నోరు నేనే.

"అక్కా, నువ్వేం చెయ్యకు. నీకు దండం పెడతా, ఏం చెయ్యకుండా ఉండు చాలు," అన్నాను.

"ఏం చెయ్యకుండా అంటే?"

"నీ మంచి సామానంతా మా ఇంటికి పంపించెయ్. మా కొట్టుగదిలో ఉన్న చెత్త నీకిస్తా. నాలుగు రోజులు ఓర్చుకో. మిషను నీది."

సోమవారం తోపుడు బండి మీద మార్చేశాం. మా కొట్లో సోఫా ఒకటుంది. దాని స్ప్రింగులు బయటికి పొడుచుకొచ్చి, మీద గుడ్డ ఎలుకలు తిన్నంత తిని, మిగతాది మరోసారికని వదిలేసినట్టు ఉంటుంది. మూడు కాళ్ళ బల్ల, ఇస్త్రీపెట్టె కాల్చిన కర్టెను కూడా ఇచ్చాను. వాటిని ఇంట్లో పెట్టి గుమ్మంలోంచి చూస్తే నాకే జాలేసింది. అంత బాగా కుదిరింది.

మంగళవారం వెళ్ళాను. స్ప్రింగులు కనబడలేదు.

"అక్కా, స్ప్రింగులేవి?"

"లోపలికి నొక్కి కట్టానే. మేడమ్‌గారు కూర్చుంటే గుచ్చుకోవూ?"

"గుచ్చుకోవాలి! గుచ్చుకోవడానికేగా నేనిచ్చింది!"

"సరేలే, ఇంక ముట్టుకోను."

బుధవారానికి బల్లకి నాలుగో కాలు వచ్చింది.

"ఇదెక్కడిది?"

"చీపురు కర్ర."

"ఎందుకు పెట్టావ్?"

"టీ ఒలికిపోతుంది కదే."

"ఒలకనీ! టీ ఒలికితేనే మిషనొచ్చేది! నీకెలా చెప్తే అర్థమవుతుంది తల్లీ?"

వింటూనే ఆ కర్రకి ఇంకో ముడి బిగించింది. ఆ చేతులకి పనిముట్టు వదిలితే లాభం లేదని, దబ్బనం లాక్కుని నా తలగుడ్డలో ముడేసుకుని వచ్చేశాను. సైకిలు చువ్వ ఒకటి రాయి మీద అరగదీస్తే దబ్బనం అవుతుందని నాకేం తెలుసు?

గురువారం పొద్దున్న వెళ్ళేసరికి ఇల్లు పెళ్ళివారిల్లులా ఉంది. సోఫా తేనె రంగులో మెరుస్తోంది, అంచులకి నీలం ఉన్ని. వీపు మీద తెల్లటి విటాంబా, గంజి పెట్టి ఇస్త్రీ చేసింది. కర్టెనులో కాలిన చోట పువ్వు కుట్టింది, అది ఒంటరిగా ఉంటుందని చుట్టూ ఇంకో ఆరు కుట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి సోఫాలో కూర్చున్నాను. కూర్చుంటే ఎంత హాయిగా ఉందంటే, దాంతో ఇంకా ఒళ్ళు మండింది.

"కొంప ముంచావు కదే అక్కా!"

"వంజుగూ, ఆ సోఫా మూల నుంచి నన్నే చూస్తూ కూర్చుందే. చూస్తూ చూస్తూ ఎలా వదిలెయ్యను?"

"మళ్ళీ పాడుచేద్దాం పట్టు. కత్తి ఏదీ?"

కత్తి ఇచ్చింది. ఇద్దరం సోఫా ముందు నిలబడ్డాం. నువ్వు కొయ్యమని నేనంటాను, నువ్వే కొయ్యమని ఆవిడంటుంది. చివరికి ఆ కత్తితో ముకీమోలోకి బంగాళాదుంపలు కోశాం.

మధ్యాహ్నం రెండింటికి సంఘం పాడుకుంటూ వచ్చింది. గుమ్మంలో పాట ఆగిపోయింది. వెనకవాళ్ళు ముందువాళ్ళని తోసుకుని తొంగి చూశారు. గథీగియా మొహం వెలిగిపోయింది. ఎందుకు వెలగదు, ఈ సోఫాతో పోలిస్తే ఆ రోజు ఆవిడ ఇంట్లో పీటలు మూడూ ఎంత పేదగా కనబడ్డాయో అందరికీ గుర్తొచ్చి ఉంటుంది.

మేడమ్‌గారు నేరుగా వచ్చి సోఫాలో కూర్చున్నారు. అటూ ఇటూ కదిలి చూశారు. "నైరోబీలో ఏ షాపులో కొన్నావ్ న్యగూథీ?" అన్నారు. న్యగూథి "ఓడ" అని మొదలుపెట్టబోతుంటే నేను మోచేత్తో పొడిచాను. మేడమ్‌గారు మా జవాబు కోసం ఆగలేదు. దిండు లాగి, షాపు చీటీ ఎక్కడైనా ఉంటుందేమోనని తిరగేశారు. దిండు వెనక వైపు ముదురు నీలం గుడ్డ. దానికి ఒక జేబు. జేబు మూల సిరా మరక.

ఆవిడ ఆ మరకని చాలాసేపు చూశారు.

"ఇది మా ఆయన ప్యాంటు," అన్నారు. "పోయిన క్రిస్మస్‌కి పేదలకని చర్చి పెట్టెలో వేశాను."

న్యగూథి ఊరుకుంటే పోయేది. ఊరుకోవడం ఆవిడ ఒంట్లో లేదు.

"అవునండి. మాస్టారు కూర్చుని అరగదీసిన చోటు మీకు కనబడకుండా లోపలికి తిప్పేశానండి. ముప్ఫయ్యేళ్ళు ఆయన మీ నెత్తినెక్కి కూర్చున్నారు కదా, ఇవాళొక్క పూట మీరు ఆయన మీద కూర్చోండి!"

అందరూ ఒక్కసారే పగలబడి నవ్వారు. ఒకావిడ నోట్లో టీ బయటికొచ్చింది. నేనూ నవ్వాను, ఆపుకోలేకపోయాను. మేడమ్‌గారు మాత్రం నవ్వలేదు. దిండు ఒళ్ళో బోర్లా పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసి నొక్కి, "ఈ ఇంటి నోరెవరు?" అన్నారు.

లేచాను. నాలుగు రోజులు ఆవులకి మేత వేస్తూ కంఠతా పట్టిన ఉపన్యాసం ఉంది నా దగ్గర. వేరేది రాదు. "కూర్చుంటే మనిషి మునిగిపోయే సోఫా ఈ ఇంటిది," అన్నాను. అందరూ సోఫా వైపు చూశారు. "నిలబడలేని బల్ల ఈ ఇంటిది," అన్నాను. బల్ల రాయిలా నిలబడి ఉంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకేం మాట్లాడాలో తోచలేదు. పక్కనే ఉన్న న్యగూథి చెయ్యి పట్టుకుని, గుప్పిట విప్పి, అందరి ముందూ పెట్టాను. ఆవిడ లాక్కోబోయింది, నేను వదల్లేదు.

"ఇదిగో, ఈ ఇంట్లో కొరత ఇదీ. మీరు కూర్చున్నదీ, మీ వీపుకి ఆనుకున్నదీ ఈ వేళ్ళు కుట్టినవి. మీ అందరిళ్ళలో విటాంబాలు ఎవరల్లారు? ఈ వేళ్ళే. ఎలా ఉన్నాయో చూడండి. పది వేళ్ళు ఇంక చాలట్లేదు ఈవిడకి. పదకొండోది ఇవ్వండి."

నవ్వులు ఆగిపోయాయి. ఇద్దరు ముగ్గురు తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకున్నారు. ఇంక మిషను మాదే అనుకున్నాను. మేడమ్‌గారు కూడా ఆ చేతిని చూశారు, ఆ తర్వాత ఒళ్ళో ఉన్న దిండుని చూశారు.

"నియమం ఇంటిని చూడమంది, చేతుల్ని చూడమనలేదు. ఈ ఇంట్లో అన్నీ ఉన్నాయి. మిషను గథీగియాకి," అన్నారు.

న్యగూథి అందరికీ మళ్ళీ టీ పోసింది. గథీగియా ప్లేటులో అందరికన్నా పెద్ద ముద్ద పెట్టింది. వాళ్ళు పాడుకుంటూ వెళ్ళి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది. ఆ తర్వాత వంటింట్లోకెళ్ళి కట్టెల మీద కూర్చుని ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం. నాకు ఏడుపుతో పాటు పట్టలేనంత కోపం.

"ఇప్పుడే వెళ్ళి ఆవుల పాక సంగతి చెప్పేస్తా!"

"చెప్పి? ఆవిడ నీ కోళ్ళగూడు సంగతి చెప్తుంది," అంది ముక్కు చీదుకుంటూ.

కూర్చున్నాను.

గథీగియా మిషను ఇంటికి తెచ్చుకుని, దాని మీద విటాంబా పరిచి, విటాంబా మీద ప్లాస్టిక్ పువ్వులు పెట్టింది. కానీ నెల తిరిగేసరికి ఆ మిషను మీద కుట్టినదేదైనా సంఘానికి చూపించాలి. అదీ నియమమే. గథీగియాకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. రెండు సూదులు విరగ్గొట్టి, మూడోది వేలికి గుచ్చుకుని, కట్టుతో న్యగూథి దగ్గరికొచ్చింది.

"నేర్పవా వదినా?"

"అయ్యో, దానికేం భాగ్యం! రోజూ వస్తా. కాకపోతే ఊరికే కూర్చుని నేర్పడం నాకు రాదు. నా పని కూడా తెచ్చుకుంటా, ఏమనుకోవుగా?"

"నీ ఇల్లే అనుకో," అంది పాపం గథీగియా.

అలాగే అనుకుంది. మొదటి రోజు ఇరవై గోనెలు పట్టుకెళ్ళింది. అప్పటికి గథీగియా సోఫాలు మా పాక నుంచి వెనక్కి వెళ్ళి, తెల్లటి విటాంబాలు కప్పుకుని కూర్చున్నాయి. గోనె దుమ్ము వాటి మీద పడింది. రెండో రోజు మొక్కజొన్న డొప్పలు. మూడో రోజు ఎవరిదో పాత పరుపు, విప్పితే అందులో ఏమేం ఉన్నాయో చెప్పను, మీరు భోంచేసి ఉంటారు. నాలుగో రోజు నుంచి దిండ్లలోకి కోడి ఈకలు. గథీగియా మొగుడు టీ తాగుతుంటే మీసానికి ఈక అంటుకుంది. పాస్టరుగారు వస్తే ఆయనకీ అంటుకుంది. మిషను మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆడుతూనే ఉంది. మధ్యమధ్య గథీగియాని పిలిచి "చూశావా, ఇలా తొక్కాలి" అనేది. గథీగియా తుమ్ముతూ చూసేది. ఇంటికొచ్చి న్యగూథి నాకు చెప్పేది, "వాళ్ళింట్లో టీలో పాలు ఎక్కువేస్తారే, బాగుంటుంది."

పదకొండో రోజు గథీగియా బజారు నుంచి వచ్చేసరికి ఆవిడ పెద్ద సోఫా బోర్లా పడుకుని ఉంది. గుడ్డ మొత్తం విప్పేసి ఉంది. నాలుగు కాళ్ళూ ఊడదీసి వరసగా పెట్టి ఉన్నాయి. న్యగూథి నోట్లో మేకులు పెట్టుకుని లోపలికి తొంగి చూస్తోంది.

గథీగియా ముందు నా ఇంటికే పరుగెత్తుకొచ్చింది.

"మీ అక్క నా సోఫా తోలు వలిచేసింది!" అని అరిచింది. "ఎద్దుని కోసినట్టు కోసి పెట్టింది! రేపు నా మంచం, ఎల్లుండి నా అల్మరా! నా మొగుణ్ణి కూడా ఇవాళ పైనుంచి కిందికి చూసింది, ఏం మార్చాలా అని!"

"నేనేం చెయ్యను? నీకొచ్చిన మిషను, నువ్వు పిలిచిన మనిషి," అన్నాను. ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు.

ఆ గురువారం సంఘంలో గథీగియా లేచి నిలబడింది. తలగుడ్డలో ఇంకా ఒక ఈక ఉంది. "మా ఇంట్లో ఏ కొరతా లేదు. నేను అబద్ధమాడాను. నా సోఫాలు ఆవుల పాకలో దాచాను. దేవుడు నన్ను క్షమించాలి, మీరు ఆ మిషను తీసుకుపోవాలి. ఇవాళే తీసుకుపోవాలి," అంది.

ఒక్కరూ తల ఎత్తలేదు. అందరూ నేలకేసి చూస్తున్నారు. ఎవరికి వాళ్ళకి ఏ పాక గుర్తొచ్చిందో, ఏ గూడు గుర్తొచ్చిందో. నాకు నా టీవీ గుర్తొచ్చింది, ఇప్పటికీ ఆన్ చేస్తే కాస్త కోడి వాసన వస్తుంది. మేడమ్‌గారు కూడా ఎందుకో కిటికీలోంచి బయటికి చూశారు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, "సరే, న్యగూథి ఇంటికి పంపించండి," అన్నారు.

మిషను తోపుడు బండి మీద వచ్చింది, గథీగియాయే తోసుకుంటూ వచ్చింది. గిచూకి దాన్ని కిటికీ కింద దించాడు. న్యగూథి దాని ముందు కూర్చుని, చాలాసేపు తొక్కలేదు. అరచెయ్యి చక్రం మీద ఆనించి అలాగే ఉండిపోయింది. నా జన్మలో ఇంకొకరికి వచ్చినదాన్ని చూసి నేనంత సంతోషపడలేదు.

మర్నాడు వెళ్ళేసరికి గథీగియా సోఫా గుడ్డ కుడుతోంది. ముదురు ఎరుపు, అంచుకి తెల్లటి తాడు. నిజం చెప్పాలంటే ముందున్నదాని కన్నా బాగుంది.

"అక్కా, నాకొక్కదానికే చెప్పు. అదంతా కావాలనే చేశావా?"

"ఏదీ?"

"ఆ గోనెలూ, ఈకలూ."

"ఆ, కావాలనే. మూడు రోజుల్లో గెంటేస్తుందనుకున్నా. పదకొండు రోజులు పట్టింది. గథీగియా ఓపిక మనకి తెలీలేదే ఇన్నాళ్ళూ."

"మరి సోఫా విప్పడం?"

న్యగూథి కాలు ఆపింది. నా వైపు తిరిగింది. మొహంలో కొంటెతనం ఏమీ లేదు.

"లేదే. అది మాత్రం ఒట్టు. ఆ సోఫా కుడి చెయ్యి నిజంగానే వంకరగా ఉంది."